పిల్లల విశ్వాసం ఇంట్లో పెరగాలంటే: తెలుగు క్రైస్తవ సంఘ కాపరులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లోని క్రైస్తవ సంఘాల బిషప్పులకు, సంఘ కాపరులకు, సంఘ పెద్దలకు, సండే స్కూలు నిర్వాహకులకు:

తెలుగు క్రైస్తవ సంఘాల్లో పిల్లల కోసం జరిగే పనికి కొదవ లేదు. ఆదివారం సండే స్కూలు, వి.బి.ఎస్. అని అందరూ పిలుచుకునే వేసవి సెలవుల బైబిలు పాఠశాల, క్రిస్మస్ నాటికలు, కంఠత వాక్యాల పోటీలు, బైబిలు క్విజ్‌లు ఊరూరా జరుగుతున్నాయి. జీతభత్యాలు లేకుండా ఈ పనిని ఏళ్ల తరబడి భుజాన మోస్తున్న ఉపాధ్యాయినులు, యువకులు ప్రతి సంఘంలోనూ ఉన్నారు, వారికి సంఘాలు ఎంతో రుణపడి ఉన్నాయి. అయితే ఈ కార్యక్రమాలు పెరిగినకొద్దీ మరొక అభిప్రాయం కూడా ఇళ్లలో చాపకింద నీరులా పాకింది: పిల్లలకు భక్తి నేర్పడం చర్చి పని అని, తల దువ్వి, మంచి బట్టలు తొడిగి, వేళకు పంపితే తల్లిదండ్రుల బాధ్యత తీరిపోయినట్టే అని. వారంలో ఉన్న 168 గంటల్లో సండే స్కూలుకు దక్కేది ఒక గంట, మహా అయితే రెండు గంటలు. మిగిలిన సమయమంతా పిల్లలు పెద్దల ముఖాలను, మాటలను, చేతలను చూస్తూ గడుపుతారు. పిల్లల విశ్వాసం మొదట వేరూనేది తల్లిదండ్రుల ప్రవర్తనలోను, వారు రోజూ చేసే ఆలనాపాలనలోను కాబట్టి, సంఘం తన ప్రణాళికలో ఇంటికి మొదటి స్థానం ఇవ్వాలని, అందుకోసం అవసరమైతే తన కూడికల్లో కొన్నింటిని మానుకోవడానికి కూడా సిద్ధపడాలని ఈ లేఖ చేసే మనవి.

విశ్వాసంలో చెప్పించుకుని నేర్చుకోవలసిన భాగం ఒకటి ఉంది, చూసి, అనుభవించి అలవరచుకోవలసిన భాగం మరొకటి ఉంది. పది ఆజ్ఞలు, ప్రభువు నేర్పిన ప్రార్థన, బైబిలులోని కథలు, వాటి క్రమం మొదటి భాగానికి చెందినవి. వాటిని తరగతిలో నేర్పవచ్చు, పరీక్ష కూడా పెట్టవచ్చు. కంటికి కనబడని దేవుడు తనను విడిచిపెట్టడని నమ్మి ఆధారపడగలగడం రెండవ భాగం, దీనికి పాఠ్యపుస్తకం లేదు. అమెరికాలో స్థిరపడిన మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్‌సన్ 1950లో వెలువరించిన ‘చైల్డ్‌హుడ్ అండ్ సొసైటీ’ అనే గ్రంథంలో మనిషి జీవితంలోని తొలి దశలో ఏర్పడవలసిన గుణాన్ని మూల నమ్మకంగా వర్ణించాడు. అంటే ఆకలేసి ఏడిస్తే పాలు అందుతాయని, కనుమరుగైన తల్లి తిరిగి వస్తుందని, తనను ఎత్తుకున్న చేతులు జారవిడవవని పసిబిడ్డకు మాటలు రాకముందే కలిగే ధీమా అన్నమాట. పెద్దయ్యాక మనిషిలో కనిపించే మతవిశ్వాసానికి ఈ తొలి ధీమాతో సంబంధం ఉందని కూడా అతడు రాశాడు. బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1969 నుంచి మూడు సంపుటాలుగా వెలువరించిన అనుబంధ సిద్ధాంతం, అంటే తనను పెంచేవారితో బిడ్డకు ఏర్పడే గట్టి బంధాన్ని వివరించే సిద్ధాంతం, ఇదే విషయాన్ని మరో వైపు నుంచి చూపింది: భద్రత తెలిసిన బిడ్డే ధైర్యంగా లోకంలోకి అడుగులు వేస్తాడు, బెదిరినప్పుడు ఎక్కడికి పరుగెత్తాలో అతనికి తెలుసు. ‘దేవుడు మన తండ్రి’ అని సండే స్కూలులో చెప్పినప్పుడు ఆ మాటకు పిల్లవాడి మనసులో ఏ అర్థం పలుకుతుందో చాలామటుకు అంతకుముందే ఇంట్లో నిర్ణయమైపోయి ఉంటుంది.

బైబిలు ఈ విషయంలో మొదటి నుంచీ ఇంటినే చూపుతోంది. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయంలో ఉన్న ‘షెమా’, అంటే యూదులు నేటికీ ఉదయ సాయంత్రాలు వల్లించే ఏకదేవ విశ్వాస ప్రకటన, ఆ మాటలు ముందుగా పెద్దల హృదయంలో నిలవాలని చెప్పి, ఆ తరువాతే వాటిని పిల్లలకు నేర్పాలంటుంది. నేర్పే వేళలుగా ఇంట్లో కూర్చోవడం, దారిన నడవడం, పడుకోవడం, లేవడం అనే నాలుగింటిని పేర్కొంటుంది, ఈ నాలుగూ ఏ ఇంట్లోనైనా రోజూ ఉండేవే. నిర్గమకాండము పన్నెండవ అధ్యాయంలో పస్కా పండుగను నిర్దేశించినప్పుడు ఆ ఆచారానికి అర్థమేమిటని పిల్లలు అడుగుతారని, అప్పుడు పెద్దలు విడుదల కథ చెప్పాలని ఉంది. ఇక్కడి వరుస గమనించదగినది: ముందు ఇంట్లో ఒక పని జరుగుతుంది, దాన్ని చూసిన బిడ్డలో ప్రశ్న పుడుతుంది, ఆ ప్రశ్నకు జవాబుగా బోధ వస్తుంది. నేటి పద్ధతిలో ఈ వరుస తలకిందులై, ఎవరూ అడగని ప్రశ్నలకు జవాబులు కంఠతా పెట్టించడంతోనే పని మొదలవుతోంది. పౌలు తిమోతికి రాసిన రెండవ పత్రికలో అతని విశ్వాసపు మూలాలను తలచుకుంటూ అవ్వ లోయిని, తల్లి యునీకేను పేరుపేరునా పేర్కొన్నాడు. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడని అపొస్తలుల కార్యములు చెబుతోంది. తల్లిది ఒక నేపథ్యం, తండ్రిది మరొక నేపథ్యం అయిన ఆ ఇంట్లో ఇద్దరు స్త్రీలు బాల్యం నుంచే లేఖనాలు తెలిసిన బిడ్డను పెంచి సంఘానికి అందించారు.

సంఘ చరిత్రలో కూడా ఈ తీరు కొనసాగింది. నాలుగవ శతాబ్దపు గొప్ప బోధకుడు జాన్ క్రిసోస్టమ్ పిల్లల పెంపకం గురించి రాసిన గ్రంథంలో రాత్రి భోజనాల వేళ తండ్రి కయీను, హేబెలుల కథను పిల్లవాడికి ఆసక్తి కలిగేలా చెప్పాలని, మరో రోజు ఆ కథను పిల్లవాడి చేతే చెప్పించాలని, ఆ కథ చర్చిలో చదివే రోజున అతన్ని చెయ్యి పట్టుకుని తీసుకువెళ్తే తనకు తెలిసిన కథ వినబడగానే అతడు పొంగిపోతాడని వివరించాడు. 1528లో సాక్సనీ ప్రాంతపు సంఘాలను సందర్శించి అక్కడి అజ్ఞానానికి నొచ్చుకున్న మార్టిన్ లూథర్, 1529లో చిన్న ప్రశ్నోత్తరిని, అంటే విశ్వాసంలోని ముఖ్యాంశాలను ప్రశ్న, జవాబు రూపంలో నేర్పే పుస్తకాన్ని వెలువరించాడు. దానిలోని ముఖ్య భాగాలకు శీర్షికలు పెడుతూ ఇంటి యజమాని తన ఇంటివారికి వాటిని ఎలా నేర్పాలో అని రాశాడు, ఉదయం లేవగానే, రాత్రి పడుకునే ముందు, భోజనానికి ముందు, తరువాత చేసుకునే ప్రార్థనలను అందులో చేర్చాడు. 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ హయర్ కాలం నుంచి ఈ ప్రశ్నోత్తరి వారసత్వం తెలుగు నేలకూ దక్కింది, కానీ ఇంటి యజమాని చేతిలో ఉండవలసిన పుస్తకం క్రమంగా తరగతి పుస్తకంగా మారిపోయింది.

పద్దెనిమిదవ శతాబ్దం ఆరంభంలో ఇంగ్లండులోని ఎప్‌వర్త్ అనే ఊళ్లో కాపురమున్న సుజన్నా వెస్లీ పంతొమ్మిదిమంది బిడ్డలను కని, వారిలో దాదాపు సగం మందిని పసితనంలోనే పోగొట్టుకుంది. బతికి ఉన్న పిల్లలతో వారంలో ఒక్కొక్క సాయంత్రం ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడే నియమం పెట్టుకుంది. తరువాతి కాలంలో మెథడిస్టు ఉద్యమానికి నాయకుడైన జాన్ వెస్లీ వంతు గురువారం వచ్చేది, పెద్దవాడైన తరువాత కూడా ఆ గురువారపు వేళను అతడు ఆశతో తలచుకున్నాడు. బెత్తానికి భయపడేలా పిల్లలను పెంచాలన్న ఆమె అభిప్రాయాన్ని ఈ కాలం ఆమోదించనక్కరలేదు, కానీ ఇంటెడు పనిలో మునిగిన తల్లి ఒక్కొక్క బిడ్డకు విడిగా వేళ కేటాయించిన ఆ శ్రద్ధ ఏ కాలానికైనా ఆదర్శమే.

సండే స్కూలు పుట్టుక కూడా ఇక్కడ గుర్తుచేసుకోదగినది. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ మొదలుపెట్టిన ఆదివారపు బడి, వారమంతా పనికి పోయి ఆదివారం వీధుల్లో తిరిగే పేద పిల్లలకు చదవడం, ప్రార్థన నేర్పడానికి ఉద్దేశించినది. ఇంట్లో నేర్పేవారు లేని పిల్లల లోటు తీర్చడం దాని ఆశయం. లోటు తీర్చడానికి వచ్చిన ఏర్పాటు ఇంటి స్థానాన్నే ఆక్రమించడం తరువాతి తరాల్లో జరిగిన మార్పు. ఇంటి స్థానాన్ని మళ్లీ గుర్తుచేసినవారిలో అమెరికాలోని కనెక్టికట్‌కు చెందిన హొరెస్ బుష్నెల్ ఒకడు. 1847లో ప్రకటించిన ‘క్రిస్టియన్ నర్చర్’ అనే గ్రంథంలో, పెద్దయ్యాక ఒకనాడు ఉన్నట్టుండి జరిగే మారుమనసు కోసం ఎదురుచూస్తూ బాల్యాన్ని వృథా చేయరాదని, ఇంటి వాతావరణంలోనే బిడ్డ విశ్వాసిగా ఎదగాలని అతడు వాదించాడు. రోమన్ కథోలిక సంఘం కూడా 1964 నాటి రెండవ వాటికన్ మహాసభ పత్రంలో కుటుంబాన్ని గృహ సంఘంగా, అంటే ఇంట్లోనే నెలకొన్న చిన్న చర్చిగా వర్ణించి, పిల్లలకు తొలి సువార్తికులు తల్లిదండ్రులే అని ప్రకటించింది.

తెలుగు నేల మీద క్రైస్తవ విశ్వాసం వ్యాపించిన తీరు ఈ వాదనకు దగ్గరి సాక్ష్యం. 1860ల్లో ఒంగోలు ప్రాంతంలో విశ్వాసంలోకి వచ్చిన ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారం చేసుకుంటూ తన బంధువర్గంలో తనకు తెలిసింది చెప్పుకుంటూ తిరిగాడు. బంధుత్వాల వెంట, పల్లెల వెంట పాకిన ఆ కదలిక పెరిగి పెరిగి, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందేదాకా వచ్చింది. 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన తొలి భారతీయుడైన వి. ఎస్. అజరయ్య కాలంలో విస్తరించిన పల్లె సంఘాల్లో ఎక్కువమంది నిరుపేదలు, చదువు రాని వ్యవసాయ కూలీలు. పుస్తకం చదవలేని ఆ తల్లులు పిల్లలకు విశ్వాసాన్ని అందించిన దారుల్లో పిడికెడు బియ్యం ఆచారం ఒకటి, అది నేటికీ పూర్తిగా మరుగున పడలేదు.

ఆ ఆచారం జరిగే తీరును దగ్గరగా చూస్తే దాని బలం తెలుస్తుంది. పొద్దుగూకి పొలం నుంచి వచ్చిన తల్లి పొయ్యి రాజేసి, ఎసరు పెట్టి, ఇంటిల్లిపాదికీ సరిపడా బియ్యం కొలిచి చేటలో పోసుకుంటుంది. రాళ్లు ఏరి, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి, పక్కన మూత పెట్టి ఉంచిన ముంతలో వేస్తుంది. కొలత నిండుగా ఉన్న రోజూ అంతే, గంజి కాచుకునే రోజూ అంతే. పొయ్యి దగ్గర చలి కాచుకుంటూ కూర్చున్న బిడ్డ ఏదో ఒకనాడు ఆ బియ్యం ఎవరికని అడుగుతుంది, దేవుడికని, దేవుడి పేర ఆకలిగొన్నవారికని తల్లి చెబుతుంది, మరునాడు తన చేత్తో వేస్తానని బిడ్డ మారాం చేస్తే చిన్న గుప్పిట్లోంచి జారిన గింజలను తల్లి ఏరి ముంతలో పోస్తుంది. ఆదివారం ఆ ముంత చర్చికి చేరుతుంది. తినే తిండి దేవుడిచ్చినదని, మనం తినకముందే ఇతరులను తలచుకోవాలని, లేమిలో కూడా ఇవ్వవచ్చని ఆ బిడ్డకు ప్రసంగం లేకుండానే తెలిసిపోయింది. నిర్గమకాండములోని పని, ప్రశ్న, జవాబు అనే వరుస చదువు రాని ఆ ఇంట్లో చెక్కుచెదరకుండా నిలిచింది.

గ్యాస్ పొయ్యిలు, కుక్కర్లు వచ్చిన ఇళ్లలో ఆ ముంతే ఉండాలని ఎవరూ పట్టుపట్టనక్కరలేదు, కానీ బిడ్డ కంటపడే పని ఏదో ఒకటి ఉండాలి. పనిమనిషికి జీతం చెప్పిన తేదీకే ఇవ్వడం, కిరాణా కొట్టువాడు పొరపాటున ఎక్కువ ఇచ్చిన చిల్లర తిరిగి ఇచ్చిరావడం, మంచాన పడిన ముసలి అత్తగారికి విసుక్కోకుండా అన్నం తినిపించడం వంటివి బైబిలు పాఠాలని ఎవరూ పిలవకపోయినా పిల్లలు వాటి నుంచే ఎక్కువ నేర్చుకుంటారు. 1961లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బండూరా, అతని సహచరులు జరిపిన ప్రయోగంలో గాలి నింపిన బొమ్మను పెద్దవారు కొడుతుంటే చూసిన చిన్నపిల్లలు, తమకు అవకాశం రాగానే ఆ దెబ్బలను, ఆ మాటలను కూడా అచ్చంగా అనుకరించారు. చెప్పకుండానే పిల్లలు నేర్చుకుంటారనే సంగతి మంచికీ చెడుకూ ఒకే రీతిగా వర్తిస్తుంది.

రోజువారీ ఆలనాపాలన విశ్వాసానికి అడ్డు కాదనీ, విశ్వాసం పిల్లలకు అందే ముఖ్యమైన దారి అదేననీ తల్లులకు సంఘం గట్టిగా చెప్పాలి. జ్వరంతో మూలుగుతున్న బిడ్డ నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, వేళ చూసుకుని మందు వేస్తూ, చెవి దగ్గర రెండు మాటల్లో మెల్లగా ప్రార్థించే తల్లి, వైద్యమూ ప్రార్థనా ఒకదానికొకటి విరోధం కావని, బాధలో దేవుణ్ణి పిలవవచ్చని, పిలిచిన వేళ ఒక చెయ్యి తనమీద ఉంటుందని ఆ ఒక్క రాత్రిలో నేర్పుతుంది. ప్రార్థన కూటానికి వెళ్లలేకపోయానని, ధ్యానానికి తీరిక దొరకలేదని చిన్నపిల్లల తల్లులు తరచు కుమిలిపోతారు. వారి మనసులోని ఆ అపరాధ భావాన్ని పెంచే ప్రసంగాలకు బదులు వారి సేవను దేవుని సేవగా గుర్తించే మాట వేదిక మీద నుంచి రావాలి.

భయంతో నేర్పే పద్ధతిని మాత్రం మానిపించాలి. అబద్ధమాడితే కళ్ళు పోతాయని, ప్రార్థన మానేస్తే పరీక్ష తప్పుతావని, అల్లరి చేస్తే నరకంలో వేస్తాడని బెదిరించడం తెలుగు ఇళ్లలో మతభేదం లేకుండా వినబడుతుంది. పిల్లలను ఆ క్షణానికి అదుపు చేయడానికి అది పనికివచ్చినా, దేవుడంటే పొంచి ఉండి శిక్షించేవాడనే రూపం వారి మనసులో నాటుకుపోతుంది, అది వదిలించుకోవడానికి కొందరికి సగం జీవితం పడుతుంది. శిక్షగా వాక్యాలు రాయించడం, అరగంట సాగే కుటుంబ ప్రార్థనలో కునికిపాట్లు పడే పసివారిని గిల్లి లేపడం, కంఠత వాక్యం చెప్పలేని పిల్లను నలుగురిలో నిలబెట్టడం కూడా ఈ కోవలోవే. తండ్రులు పిల్లలకు కోపం పుట్టించరాదని ఎఫెసీయులకు రాసిన పత్రిక, వారి మనసు కుంగేలా చేయరాదని కొలొస్సయులకు రాసిన పత్రిక హెచ్చరించాయి.

తప్పు చేయని తల్లిదండ్రులు ఉండరు, మాదిరిగా ఉండటమంటే తప్పు లేనట్టు నటించడం కాదు. ఆఫీసు చిరాకంతా ఇంట్లో చూపి, హోంవర్కు దగ్గర కొడుకు మీద అకారణంగా విరుచుకుపడిన తండ్రి, భోజనాల వేళకు వాడి పక్కన కూర్చుని ‘తప్పు నాదే నాన్నా, నిన్ను అలా అనకుండా ఉండాల్సింది’ అని ఒప్పుకుంటే, పశ్చాత్తాపం, క్షమాపణ అనే రెండు సిద్ధాంతాలు ఆ ఇంట్లో కళ్లెదుట జరిగినట్టే. దక్షిణ కాలిఫోర్నియాలో 1970లో మొదలై, దాదాపు 350 కుటుంబాలను తరాల వెంట పరిశీలించిన అధ్యయనం ఆధారంగా వెర్న్ బెంగ్ట్‌సన్ 2013లో ‘ఫ్యామిలీస్ అండ్ ఫెయిత్’ అనే పుస్తకం ప్రకటించాడు. తల్లిదండ్రులు ఎంత భక్తిపరులైనా వారితో, ముఖ్యంగా తండ్రితో, ఆప్యాయత కరువైన చోట వారి విశ్వాసం పిల్లలకు అందడం తగ్గిందని అందులో తేలింది. అది అమెరికా కుటుంబాల మీద జరిగిన అధ్యయనమే అయినా, ప్రార్థన చేయించడం ఆడవారి పని, క్రమశిక్షణలో పెట్టడం మగవారి పని అని పంచుకున్న తెలుగు ఇళ్లు ఆలోచించవలసిన సంగతి అందులో ఉంది.

ఇంట్లో పిల్లలు చూసేవాటిలో సంఘం సాధారణంగా మాట్లాడని విషయాలు రెండు ఉన్నాయి, అవి కులం, కట్నం. క్రీస్తునందు భేదాలు లేవని ఆదివారం విన్న అమ్మాయి, అక్క పెళ్లి సంబంధాల మాట వచ్చినప్పుడు వరండాలో పెద్దలు మొదట కులం అడగడం, తరువాత కట్నం దగ్గర బేరాలాడటం వింటుంది. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. చట్టం సంగతి అటుంచి, ఆ సాయంత్రం విన్న మాటలు అంతవరకు సండే స్కూలులో నేర్చుకున్న వాక్యాలన్నిటికంటే గట్టిగా ఆ పిల్ల మనసులో నిలిచిపోతాయి. పొరుగునున్న హిందువుల గురించి, ముస్లిముల గురించి ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారో, వారి కష్టానికి ముందుగా ఎవరు వెళ్తారో కూడా పిల్లలు గమనిస్తారు, పొరుగువారిని ప్రేమించాలనే ఆజ్ఞకు వారు నేర్చుకునే వ్యాఖ్యానం అదే.

కాలం తెచ్చిన కొత్త పరిస్థితులను కూడా సంఘం లెక్కలోకి తీసుకోవాలి. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఎందరో తల్లులు ఇంటిపనులకు కువైట్ వెళ్లారు. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి తండ్రులు దుబాయ్ తదితర గల్ఫ్ ప్రాంతాలకు వలస పోయారు. వారి పిల్లలను అమ్మమ్మలు, నానమ్మలు పెంచుతున్నారు. లోయి చేసిన పనిని నేటికీ చేస్తున్న ఆ వృద్ధులకు సంఘం ఇచ్చే ఆసరా బహు స్వల్పం. పదో తరగతి కాగానే విజయవాడ, హైదరాబాద్ వంటి నగరాల్లో ఇంటర్మీడియట్ హాస్టళ్లకు వెళ్లే పిల్లలు, ప్రశ్నలు ముప్పిరిగొనే వయసులో ఇంటికి దూరమవుతారు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో తల్లిదండ్రులు తెలుగులో ప్రార్థిస్తే పిల్లలకు ఆ భాష పూర్తిగా అందదు. ఇలాంటి చోట్ల వీడియో కాల్‌లో రోజూ పలకరించి, ఆ రోజు జరిగింది అడిగి, విని, ఒక నిమిషం పేరు పెట్టి ప్రార్థించే తల్లి దూరంగా ఉన్నా మాదిరిగానే ఉంటుంది.

ఇంత చెప్పిన తరువాత కూడా, మంచి పెంపకం ఉంటే బిడ్డ తప్పక విశ్వాసి అవుతాడనే హామీ ఎవరూ ఇవ్వలేరు. ఉత్తర ఆఫ్రికాకు చెందిన క్రైస్తవ భక్తురాలు మోనికా కుమారుడు ఆగస్టీన్ ఏళ్ల తరబడి తల్లి దారికి దూరంగా తిరిగి, చివరకు 387లో మిలాన్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. అదే సంవత్సరం తల్లి కన్నుమూసింది. పిల్లలు దూరమైన తల్లిదండ్రులను సంఘంలో వేలెత్తి చూపడం క్రూరత్వం. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించి, 1992లో భారతదేశం అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికలోని 14వ అధికరణ, పిల్లల ఆలోచనా స్వేచ్ఛను, మనస్సాక్షి స్వేచ్ఛను, మతస్వేచ్ఛను గుర్తించి, పిల్లల ఎదుగుతున్న శక్తికి తగినట్టుగా దారి చూపే హక్కును, బాధ్యతను తల్లిదండ్రులకు ఇచ్చింది. బిడ్డ అనుమానం వెలిబుచ్చినప్పుడు నోరు మూయించకుండా వినడం ఆ బాధ్యతలో భాగమే, అలా విన్న ఇంటికి దూరం వెళ్లిన పిల్లలు తిరిగి రావడానికి దారి మూసుకుపోదు.

ఈ నేపథ్యంలో సంఘ కాపరులకు, పెద్దలకు ఈ లేఖ ఐదు పనులు సూచిస్తోంది. మొదటిది, సాయంత్రాలను కుటుంబాలకు తిరిగి ఇవ్వడం. ఉపవాస ప్రార్థన, స్త్రీల సమాజం, యవనస్థుల కూడిక, గృహ కూడికలు, రాత్రంతా సాగే ప్రార్థనలు కలిపి చూస్తే కొన్ని సంఘాల్లో తల్లిదండ్రులిద్దరూ పిల్లలతో కలిసి తినే రాత్రులే తక్కువ. వారంలో కనీసం మూడు సాయంత్రాలు ఏ కూడికా పెట్టబోమని సంఘం తీర్మానించాలి. రెండవది, ఇళ్ల సందర్శన. పదిహేడవ శతాబ్దంలో ఇంగ్లండులోని కిడర్‌మిన్‌స్టర్ కాపరి రిచర్డ్ బాక్స్‌టర్, తన సంఘ పరిధిలోని 800కు పైగా కుటుంబాలను ఏడాదిలో ఒకసారైనా విడివిడిగా కలుసుకుని బోధించేలా, వారానికి రెండు రోజులు తన సహాయకుడితో కలిసి ఆ పనికే కేటాయించుకున్నాడు. కానుకల కోసమో పుట్టినరోజు ప్రార్థన కోసమో కాకుండా, ఇంట్లో పిల్లలతో ఎలా గడుస్తోందని అడిగి వినడానికి కాపరి వెళ్లే సందర్శన నేటికీ అంతే అవసరం. మూడవది, సండే స్కూలు పాఠాన్ని ఇంటికి కలపడం: ఆ వారం చెప్పిన కథ, దాని మీద పిల్లలతో మాట్లాడటానికి రెండు ప్రశ్నలు, ఇంటిల్లిపాదీ కలిసి చేయదగిన ఒక పని ఉన్న చిన్న కాగితం తల్లిదండ్రుల చేతికి ఇవ్వాలి, చదువు రానివారికి ఫోనులో వినిపించే రెండు నిమిషాల మాటగా పంపాలి, క్రిసోస్టమ్ చెప్పినట్టు ముందు ఇంట్లో విన్న కథ చర్చిలో వినబడితే పిల్లలకు కలిగే ఆనందం వేరు.

నాలుగవది, బాప్తిస్మమప్పుడు గాని, శిశు ప్రతిష్ఠ అప్పుడు గాని తల్లిదండ్రులు, సంఘం కలిసి చేసిన ప్రమాణాన్ని ఏటేటా గుర్తుచేసి, ఆ కుటుంబానికి ఏ సహాయం కావాలో అడగడం. ఒంటరి తల్లులకు, గల్ఫ్ వెళ్లినవారి పిల్లలను సాకుతున్న వృద్ధులకు సంఘంలోని మరొక కుటుంబాన్ని తోడుగా నియమించడం. ఐదవది, పిల్లల భద్రత. దేవుని పేర నమ్మిన పెద్దవారి చేతిలో హింసకు గురైన బిడ్డకు దేవుని మీద నమ్మకం కూడా చెదిరిపోతుంది. 2012లో వచ్చిన పోక్సో చట్టం, అంటే లైంగిక నేరాల నుంచి బాలలను రక్షించే చట్టం, అలాంటి నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తప్పక తెలియజేయాలని నిర్దేశిస్తోంది. సంఘం పరువు పేరుతో దాన్ని కప్పిపుచ్చడం చట్టం ముందు నేరం, దేవుని ముందు పాపం.

ఈ పనులకు కాపరుల ఇళ్లే మొదటి చోటు కావాలి. షిలోహులో యాజకుడైన ఏలీ, ఆలయ సేవలో ఉంటూనే తన కుమారులు హొఫ్నీ, ఫీనెహాసుల విషయంలో విఫలమైన కథను మొదటి సమూయేలు గ్రంథం దాచకుండా చెప్పింది. సంఘంలో ప్రతి కుటుంబం కష్టానికి పరుగెత్తే తండ్రి తమ బడి వార్షికోత్సవానికి ఎన్నడూ రాలేదనే బాధ కాపరుల పిల్లల్లో ఉండకూడదంటే, కాపరికి వారంలో ఒక రోజు విశ్రాంతి ఇచ్చి, ఆ రోజు ఆయన తలుపు తట్టకుండా ఉండే మర్యాద సంఘ పెద్దలు పాటించాలి.

డిసెంబరులో ప్రతి సంఘంలోనూ కమిటీ కూర్చుని రాబోయే సంవత్సరపు కార్యక్రమాల పట్టిక తయారుచేస్తుంది. ఈసారి ఆ పట్టిక మీద కొత్త కూడిక ఒక్కటి చేర్చే ముందు, అది పిల్లలను తల్లిదండ్రులకు దగ్గర చేస్తుందా, దూరం చేస్తుందా అనే ప్రశ్న వేసుకోవాలని, దూరం చేసేదైతే ఎంత పేరున్న కార్యక్రమమైనా పక్కన పెట్టాలని మనవి. పిల్లలు ఇంట్లో చూసిన దేవుడినే చర్చిలో గుర్తుపడతారు కాబట్టి, తల్లిదండ్రులను బలపరచడానికి సంఘం వెచ్చించే ప్రతి గంటా, ప్రతి రూపాయీ పిల్లల పరిచర్యకు వెచ్చించినట్టే లెక్క.

ఇట్లు,
తెలుగు క్రైస్తవ కుటుంబాల క్షేమం కోరే ఒక విశ్వాసి